లెన్స్ మీద అంకెలు, అక్షరాలు ఎలా చదవాలి?

కొత్త లెన్సైనా, సెకండ్ హ్యాండ్‌దైనా ముందు దాని మీద రాసింది చదవాలి. ప్రకటనలో వివరాలు తప్పుపడొచ్చు, డబ్బా వేరే లెన్స్‌ది కావచ్చు. లెన్స్ మీద అచ్చయిన అంకె మారదు.

క్యాప్ తీసి, ముందు అద్దం చుట్టూ ఉన్న రింగు చూడండి. అక్కడ లేకపోతే బారెల్ (లెన్స్ గొట్టం) మీద ఉంటుంది.

మొదట ఫోకల్ లెంగ్త్. 18-55 ఎంఎం అని ఉంటే జూమ్, 50 ఎంఎం అని ఒక్కటే ఉంటే ప్రైమ్, అంటే జూమ్ కానిది. అంకె చిన్నదైతే దృశ్యం ఎక్కువ పడుతుంది, పెద్దదైతే దూరంవి దగ్గరగా కనిపిస్తాయి.

తర్వాతది 1:3.5-5.6. చాలామంది తప్పు చదివేది దీన్నే. ఈ లెన్స్ అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) 3.5 నుంచి 5.6 వరకే తిరుగుతుందని అనుకుంటారు. కాదు. 8, 11, 16 కూడా పెట్టుకోవచ్చు. రింగు మీద రాసేది అపర్చర్ గరిష్ఠంగా ఎంత తెరుచుకుంటుందన్నది మాత్రమే. జూమ్ 18 దగ్గర ఉంటే 3.5 దాకా, 55 దగ్గర ఉంటే 5.6 దాకా.

ఇది రంధ్రం వ్యాసానికి, ఫోకల్ లెంగ్త్‌కు ఉన్న నిష్పత్తి కాబట్టి అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. 50 ఎంఎం లెన్స్‌ను 1.8 దగ్గర తెరిస్తే రంధ్రం వ్యాసం 50ని 1.8తో భాగించినంత, అంటే దాదాపు 28 ఎంఎం.

ఇక్కడే జాగ్రత్త. మాన్యువల్ మోడ్‌లో (అన్నీ మనమే సెట్ చేసేది) 18 దగ్గర 3.5 పెట్టి, ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు) సరిచూసుకుని, ఆ తర్వాత 55కి జూమ్ చేస్తే కెమెరా తనంతట తానే 5.6కి వెళ్లిపోతుంది. సెన్సర్‌కు (ఫొటో పట్టే చిప్) చేరే వెలుతురు సగం కంటే తగ్గుతుంది. షటర్ వేగం, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) అలాగే ఉంటే ఫొటో చీకటైపోతుంది. కెమెరా పాడైందని టెన్షన్ పడకండి, జూమ్ చేశాక ఎక్స్‌పోజర్ మళ్లీ చూడండి. 1:2.8 అని ఒకే అంకె ఉన్న జూమ్‌కు ఈ బాధ లేదు. అవి బరువు, ఖరీదు కూడా. నేర్చుకునేవాళ్లు ప్రైమ్‌తో మొదలుపెట్టినా ఈ బాధ ఉండదు. 

సున్నాకు అడ్డగీత ఉన్న గుర్తు పక్కన 58 ఎంఎం అని ఉంటే అది ఫిల్టర్ సైజు. దాన్ని ఫోకల్ లెంగ్త్ అనుకోవద్దు. ఫిల్టర్, క్యాప్ కొనేటప్పుడు ఈ అంకే చెప్పాలి.

ఇక అక్షరాలు. కెనాన్ ఐఎస్ (IS), నికాన్ వీఆర్ (VR), సోనీ ఓఎస్ఎస్ (OSS) మూడూ ఒకటే పని చేస్తాయి: చేతి వణుకును సరిదిద్దుతాయి. పరుగెత్తే పిల్లల్ని మాత్రం ఆపలేవు, దానికి షటర్ వేగం పెంచాల్సిందే.

చివరగా 0.25 ఎం లాంటి అంకె, అంటే ఫోకస్ కుదిరే అతి తక్కువ దూరం. దీన్ని లెన్స్ కొస నుంచి కొలవకూడదు. కెమెరా పైభాగంలో చిన్న వృత్తం, దాన్ని దాటుతూ గీత ఉంటాయి. సెన్సర్ ఉండేది ఆ గీత కిందే, కొలత అక్కడి నుంచి.