బ్లాకుల కన్నా ముందు కాళ్లు

కుంగ్ ఫూ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే అడుగుతారు: "మాస్టారూ, వాడిలా గుద్దితే ఏ బ్లాక్ వెయ్యాలి?" నేను బ్లాక్, అంటే గుద్దును చేత్తో అడ్డుకోవడం, చూపించను. వాడి గుద్దు అందేంత దగ్గర ఎందుకు నిలబడ్డావని తిరిగి అడుగుతాను. కొందరికి చిరాకేస్తుంది. కానీ లెక్క చూడండి. కన్ను ఒక కదలికను పట్టుకుని, చెయ్యి కదలడానికి మామూలు మనిషికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. అదీ ఏం రాబోతోందో ముందే తెలిస్తే. కుడో ఎడమో, పైకో కిందికో తేల్చుకోవాలంటే ఇంకా ఎక్కువ. చేతికందే దూరంలో ఉన్నవాడి జాబ్, అంటే ముందు చేత్తో తిన్నగా వేసే గుద్దు, ఆలోపే ముక్కు మీదికి వచ్చేస్తుంది. సినిమాల్లో హీరో వరసగా పది గుద్దులు ఆపేస్తున్నాడంటే, ఏది ఎప్పుడొస్తుందో ఇద్దరూ ముందే రిహార్సల్ చేసుకున్నారు కాబట్టి.

అందుకే మొదట దూరం. అవతలివాడు ఒక అడుగు ముందుకు వేస్తే తప్ప మిమ్మల్ని తాకలేని చోట నిలబడాలి. పార్ట్‌నర్‌ని ఎదురుగా నిలబెట్టి చెయ్యి చాపమనండి, తర్వాత కాలు చాపమనండి. రెండూ అందనంత వెనక్కి జరగండి. అదీ మీ చోటు. ఇక అతను కొట్టాలంటే ముందు అడుగు పడాలి, ఆ అడుగు మీకు కనిపిస్తుంది. చూపు చేతుల మీద పెట్టకండి, అవి మోసం చేస్తాయి. ఛాతీ పైభాగం మీద ఉంచితే భుజాలూ తుంటీ రెండూ చూపులోనే ఉంటాయి.

దీన్ని అలవాటు చేసుకోవడానికి ఒక డ్రిల్. ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకోండి. ఒకరు ముందుకూ వెనక్కూ పక్కలకూ కదులుతుంటే, రెండోవారు ఆ దూరం తగ్గకుండా, పెరగకుండా వెంట కదలాలి. మూడు నిమిషాలయ్యాక మారండి. కాస్త కుదిరాక, నడిపించేవారు అప్పుడప్పుడు అరచేత్తో భుజం తాకే ప్రయత్నం చెయ్యాలి. ఎదుటివారు చేతులతో అడ్డుకోకూడదు, కాళ్లతోనే తప్పించుకోవాలి. బోర్ కొడుతుంది, నిజమే. ఐనా నా దగ్గర ఇది దాటకుండా ఎవరూ స్పారింగ్‌కి, అంటే పార్ట్‌నర్‌తో తలపడే సాధనకి, వెళ్లరు.

కదలడానికి రూల్ ఒక్కటే: ఎటు వెళ్లాలో అటువైపు కాలు ముందు కదలాలి, రెండోది దాని వెనకే జరగాలి. కాళ్లు కత్తెరలా అడ్డం పడకూడదు, ఒకదానికొకటి ఆనుకోకూడదు. ఆ క్షణంలో తోస్తే చాలు, పడిపోతారు. గుర్రపు భంగిమ, అంటే మా బు, గురించి ఒక మాట. తొడలకు బలం రావడానికీ, నడుము కిందికి దించడం నేర్చుకోవడానికీ అది బంగారం లాంటిది. కానీ అలాగే నిలబడి పోట్లాడాలని కాదు. కొట్లాటలో ఒక కాలు ముందు, ఒకటి వెనక, మోకాళ్లు కొద్దిగా వంచి, గడ్డం కిందికి దించి ఉంచండి.

ఇక చేతులు. నాకు ఇక్కడ కుంగ్ ఫూలో ఒక శైలి అయిన వింగ్ చున్ పద్ధతి నచ్చుతుంది. నడినెత్తి నుంచి కిందికి ఒక గీత ఊహించుకోండి. ముక్కు, గొంతు, రొమ్ము ఎముక కింది గుంట అన్నీ దాని మీదే ఉంటాయి. మోచేతులు లోపలికి పెట్టి మీ గీతను కాపాడుకుంటూ, అవతలివాడి గీత మీదికి తిన్నగా కొట్టాలి. తిన్నటి గుద్దుకు దారి తక్కువ, చుట్టు తిరిగి వచ్చే హుక్‌కు ఎక్కువ. అదే పద్ధతిలో "లిన్ సియు దాయ్ డా" అంటారు: ఒక చెయ్యి పక్కకు నెడుతుండగానే రెండోది కొట్టాలి. ముందు ఆపి, తర్వాత కొడదామనుకుంటే, మధ్యలో వాడి రెండో గుద్దు వస్తుంది. వింగ్ చున్ గురువు యిప్ మాన్ దగ్గర ఈ పద్ధతి నేర్చుకున్న బ్రూస్ లీ, తర్వాత తను రూపొందించిన జీత్ కున్ డో పద్ధతిలో బలమైన చేతిని ముందు పెట్టుకున్నాడు. టార్గెట్‌కు దగ్గరున్న చేతికే ఎక్కువ పని చెప్పాలని.

తిన్నగా ఎదురెదురుగా నిలబడితే వాడి రెండు చేతులూ మీకు ప్రమాదమే. వాడి ముందు చేతికి బయటివైపు ఒక అడుగు వెయ్యండి. ఇప్పుడు వెనక చెయ్యి మిమ్మల్ని చేరాలంటే వాడు ఒళ్లంతా తిప్పుకోవాలి. ఎదుటివాడు మీకన్నా బరువైతే ఈ అడుగే మీకు దిక్కు.

బలం భుజంలోంచి రాదు. షింగ్ యీ అనే ఇంకో కుంగ్ ఫూ శైలి వాళ్లు భుజం తుంటితో, మోచెయ్యి మోకాలితో, చెయ్యి పాదంతో కలిసి కదలాలంటారు. వెనక పాదంతో నేలను నెట్టి, తుంటి తిప్పి, చివర్న చెయ్యి వదలండి. మొదట్లో బాగా నెమ్మదిగా చెయ్యండి, స్పీడులో తప్పులు కనబడవు. గుద్దుతో పాటు గాలి బయటికి వదలాలి. పిడికిలి తగిలే క్షణంలోనే బిగించాలి. ముందు నుంచీ బిగిస్తే భుజాలు పైకి లేచి, టెన్షన్‌లో సగం వేగం పోతుంది. బొటనవేలు పిడికిలి బయటే ఉండాలి, మణికట్టు వంగకూడదు. గ్లౌజులు లేకుండా తల మీద పిడికిలితో కొట్టకండి, చిటికెనవేలు కింది ఎముక తేలిగ్గా విరుగుతుంది. అక్కడ అరచేతి మడమ, అంటే మణికట్టు పక్కనుండే అరచేతి గట్టి భాగం, మేలు.

చీ సావో, అంటే ముంజేతులు ఆనించి చేసే సాధన, దగ్గర దూరంలో చాలా పనికొస్తుంది. అవతలివాడు ఎటు నెడుతున్నాడో కన్ను చూసేలోపు చర్మానికే తెలుస్తుంది. కానీ దాన్నే పోట్లాట అనుకునేవాళ్లున్నారు. చేతులు ముందే కలిసి ఉన్న కొట్లాట ఎక్కడైనా ఉంటుందా?

స్పారింగ్ మొదలుపెట్టేటప్పుడు మౌత్ గార్డు తప్పనిసరి. ఎంత బలంతో తగలాలో ముందే మాట్లాడుకోండి. మొదట ఒకరు కొట్టడం, ఒకరు తప్పించుకోవడం మాత్రమే. మీకు అనుకూలంగా గుద్దులు విసిరి ఆగిపోయే పార్ట్‌నర్ వద్దు, నిజంగా తాకాలని చూసేవాడు కావాలి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వికారం వచ్చినా వెంటనే ఆపేసి డాక్టర్‌కు చూపించుకోండి. ఆయన సరేనన్నాకే మళ్లీ స్పారింగ్.