ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్లినప్పుడు నగరం కూడా చూసి రావడం ఎలా?

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల నుంచి ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్లేవారి ప్రయాణం దాదాపు ఒకే తీరులో సాగుతుంది. పొద్దుటి విమానంలో దిగి, మధ్యాహ్నానికి ఏదో ఒక భవన్‌లో సమావేశానికి హాజరై, రాత్రి హోటల్లో బస చేసి, మర్నాడు ఇంకో సమావేశం ముగించుకుని సాయంత్రం విమానం ఎక్కేస్తారు. ఏం చూశారని ఇంట్లో అడిగితే, కారులోంచి ఇండియా గేట్ చూశామన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. అయితే ఇంత చిన్న ప్రయాణంలోనూ, పనికి ఏ లోటూ రాకుండా, రెండేసి గంటల ఖాళీలు ఒకటి రెండు దొరుకుతాయి. అవి ఎప్పుడు, ఎక్కడ దొరుకుతాయో టికెట్లు కొనే రోజే గుర్తించి, వాటికి సరిపడే చోటును ఎంచుకోగలిగితే చాలు.

చాలామంది ప్రసిద్ధ స్థలాల జాబితా ముందు పెట్టుకుని, వాటిని సమావేశాల మధ్య ఇరికించాలని చూస్తారు. ఢిల్లీ వంటి విశాలమైన నగరంలో ఈ పద్ధతి పనికిరాదు. ఎర్రకోటకూ కుతుబ్ మినార్‌కూ మధ్య ఇరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. సాయంత్రం రద్దీలో ఆ దూరం దాటేసరికే ఉన్న ఖాళీ కాస్తా అయిపోతుంది. జాబితాను పక్కన పెట్టి, మీ సమావేశం ఎక్కడ, అది వారంలో ఏ రోజు, ఆ రోజు సూర్యాస్తమయం ఎన్ని గంటలకు అన్న మూడు సంగతులు చూసుకోండి. చూడవలసిన చోటును దాదాపుగా అవే నిర్ణయిస్తాయి.

వారం సంగతి చాలామందికి అక్కడికి వెళ్లాక గానీ తెలియదు. ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, తీన్‌మూర్తి ఆవరణలోని ప్రధానమంత్రి సంగ్రహాలయ, గాంధీ స్మృతి, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ అన్నిటికీ సోమవారమే సెలవు. ఆదివారం రాత్రి బయలుదేరి సోమవారం పని చూసుకునే వారికి ఇవేవీ దక్కవు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, జంతర్ మంతర్, లోధీ గార్డెన్, ఇండియా గేట్, బంగ్లా సాహిబ్ గురుద్వారా మాత్రం సోమవారం కూడా చూడవచ్చు. తేదీని ఎంచుకునే వీలు మీకే ఉంటే, సమావేశాన్ని శుక్రవారం పెట్టించుకుని శనివారం మధ్యాహ్నం విమానానికి తిరిగి రావడం అన్నిటికన్నా అనుకూలం.

ఇక సూర్యుడి లెక్క. జనవరిలో ఢిల్లీలో ఏడుంపావుకు గానీ తెల్లవారదు, సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంది. పైగా డిసెంబరు చివర, జనవరి మొదట్లో పొద్దున పది దాకా పొగమంచు పట్టి ఉండే రోజులు చాలా ఉంటాయి. విశాఖలో ఐదున్నరకే వెలుగు చూసే అలవాటుతో అక్కడ తెల్లవారుజాము ప్రణాళిక వేసుకుంటే మంచు తప్ప ఏమీ కనబడదు. ఆ నెలల్లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు ఉండే ఎండే వరం. మే, జూన్ నెలల్లో వ్యవహారం తారుమారవుతుంది. ఐదున్నరకల్లా సూర్యోదయం, ఏడు దాటాక అస్తమయం. మధ్యలో నలభై, ఒక్కోసారి నలభై ఐదు డిగ్రీల ఎండ. అప్పుడు ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు ఉన్న పొద్దుటి సమయాన్ని వాడుకుని, స్నానం చేసి, పదకొండు గంటల సమావేశానికి తాజాగా వెళ్లవచ్చు. అక్టోబరు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎటు చూసినా సుఖమే. నవంబరులో గాలి కాలుష్యం పెరిగి కళ్లు మండే రోజులు ఉంటాయి కనుక, ఉబ్బసం ఉన్నవారు ఆ నెలలో మ్యూజియంలకే పరిమితం కావడం మంచిది.

కేంద్ర మంత్రిత్వ శాఖల్లో పని ఉన్నవారు అందరికన్నా అదృష్టవంతులు. శాస్త్రి భవన్, కృషి భవన్, రైల్ భవన్ అన్నీ కర్తవ్య పథ్ చుట్టుపక్కలే ఉన్నాయి. కొన్ని శాఖలు ఇటీవల కొత్తగా కట్టిన కర్తవ్య భవన్‌లోకి మారాయి కాబట్టి, బయలుదేరే ముందు చిరునామాను మరోసారి సరిచూసుకోవాలి. భోజన విరామానికి అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ క్యాంటీన్‌కు వెళ్లడం తెలుగువారికి ఎలాగూ ఆనవాయితీ. పప్పు, పొడి, నెయ్యి, రసం రుచికి ఢిల్లీవాళ్లే వరుసలో నిలబడతారు. ఒంటిగంటన్నరకు వెళితే ఆ వరుసలోనే అరగంట గడిచిపోతుంది. పన్నెండున్నరకు వెళ్లగలిగితే భోజనం ముగించుకుని, మిగిలిన గంటలో జనపథ్‌లోని నేషనల్ మ్యూజియంకు వెళ్లవచ్చు. ఆ మ్యూజియం మొత్తం చూడటానికి ఒక రోజు చాలదు కనుక, రెండే లక్ష్యాలు పెట్టుకోండి. ఒకటి హరప్పా విభాగంలోని మొహెంజొదారో నర్తకి. పాఠ్యపుస్తకాల్లో బొమ్మ చూసి పెద్ద విగ్రహమనుకునే వారికి, పదకొండు సెంటీమీటర్లైనా లేని ఆ కంచు బొమ్మ ఎదురుగా కనబడినప్పుడు కలిగే ఆశ్చర్యం వేరు. రెండోది నాగార్జునకొండ శిల్పాలు. కృష్ణ లోయలో ఇక్ష్వాకుల కాలంలో చెక్కిన మన పలకలను చూడటానికి ఢిల్లీ దాకా రావలసి వచ్చిందా అనిపించినా చూడదగినవే.

సాయంత్రం ఆ ప్రాంతంలోనే పని ముగిస్తే కారు పిలవకుండా ఇండియా గేట్ వైపు నడవండి. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ మూడవ ఆఫ్ఘన్ యుద్ధంలోనూ మరణించిన భారతీయ సైనికుల కోసం 1921లో పునాది వేసి 1931లో ప్రారంభించిన ఈ 42 మీటర్ల కట్టడం గోడల మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. దాని వెనకే 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. చక్రాలుగా నిర్మించిన గ్రానైట్ గోడలపై, స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చిన 25 వేలకు పైగా సైనికుల పేర్లు ఒక్కో పలకకు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. నా అభిప్రాయంలో ఇండియా గేట్ దగ్గర ఫోటో తీసుకోవడానికి పది నిమిషాలు చాలు, ఈ గోడల దగ్గర గంట గడపాలి. జనవరి మూడో వారం నుంచి గణతంత్ర దినోత్సవ రిహార్సళ్ల వల్ల ఈ దారులు తరచూ మూసేస్తారు; ఆ రోజుల్లో ఈ ఆలోచన మానుకోవడమే ఉత్తమం.

ఎనిమిది దాటాక కూడా ఓపిక ఉంటే, కన్నాట్ ప్లేస్ పక్కనున్న బంగ్లా సాహిబ్ గురుద్వారా రాత్రి పగలు తెరిచే ఉంటుంది. ఎనిమిదవ సిక్కు గురువు హర్‌కిషన్ 1664లో ఇక్కడ బస చేశారు. చెప్పులు, సాక్సులు బయట ఇచ్చి, తలపై గుడ్డ కప్పుకుని లోపలికి వెళ్లి, కీర్తన వింటూ కాసేపు కూర్చుని, కోనేటి చుట్టూ ఒకసారి తిరిగి, అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్‌లో రొట్టె, దాల్ తిని రావచ్చు. ఆ రాత్రి హోటల్ భోజనం అవసరం ఉండదు.

లోధీ రోడ్డు, ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల కార్యాలయాలుండే సీజీఓ కాంప్లెక్స్, స్కోప్ కాంప్లెక్స్ వైపు పని పడినవారికి ఢిల్లీలోకెల్లా మంచి అవకాశం చేతికి అందే దూరంలోనే ఉంటుంది. ఒక్కచోటే చూసే వీలుందంటే నేను హుమాయూన్ సమాధినే చూడమంటాను. సీజీఓ కాంప్లెక్స్ నుంచి ఆటోలో పది పదిహేను నిమిషాలు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు, వారంలో అన్ని రోజులూ తెరిచి ఉంటుంది. టికెట్‌ను ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు. హుమాయూన్ భార్య హాజీ బేగం పూనికతో 1570 ప్రాంతంలో పూర్తయిన ఈ సమాధి, ఎర్ర ఇసుకరాయి మీద తెల్ల పాలరాయి పొదిగిన పనితనంతో, తాజ్ మహల్‌కు దాదాపు ఎనభై ఏళ్ల ముందు నిలిచిన నమూనా. నాలుగు భాగాలుగా కాలువలు విడదీసే తోట మధ్యలో ఎత్తైన అరుగు మీద ఉంటుంది. పడమటి ఎండ గుమ్మటం మీద పడే గంటలో అక్కడ ఉండేలా చూసుకోండి. 1857లో ఢిల్లీ బ్రిటిషువారి చేతికి చిక్కాక, చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ పట్టుబడింది ఈ ఆవరణలోనే. ప్రవేశద్వారం దాటగానే కుడివైపు ఉన్న ఈసా ఖాన్ సమాధిని చాలామంది వదిలేసి నేరుగా ముందుకు నడిచేస్తారు. ఎనిమిది కోణాల ఆ కట్టడం 1547 నాటిది, అంటే పెద్ద సమాధి కన్నా ముందుది; పది నిమిషాలు అటు వెళ్లి రావడం సబబు. అన్నీ కలిపి గంటన్నర సరిపోతుంది. గురువారం అయితే, అక్కడి నుంచి రోడ్డు దాటి నిజాముద్దీన్ దర్గాకు వెళ్లి, అమీర్ ఖుస్రో సమాధి దగ్గర సాయంత్రం ఖవ్వాలీ వినవచ్చు. సందులు ఇరుకు, జనం ఎక్కువ, జేబు జాగ్రత్త.

ఇదే ప్రాంతంలో రాత్రి బస చేసినవారికి లోధీ గార్డెన్ తెల్లవారుజాము నడకకు తగినది. తొంభై ఎకరాల తోట, ప్రవేశ రుసుము లేదు, సయ్యద్, లోధీ సుల్తానుల సమాధుల మధ్య నుంచి నడక దారులు సాగుతాయి. పదకొండింటికి మీరు కలవబోయే అధికారే ఆరున్నరకు అక్కడ ట్రాక్‌సూట్‌లో ఎదురైనా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫైలు మాట మాత్రం అక్కడ ఎత్తకండి.

గురుగ్రామ్ సైబర్ సిటీలో పని ఉన్నవారు నగరంలోకి రావడమే కష్టమనుకుంటారు. మెట్రో ఎల్లో లైన్‌లో సికందర్‌పూర్ దగ్గర ఎక్కితే కుతుబ్ మినార్ స్టేషన్ దారిలోనే వస్తుంది. అక్కడి నుంచి ఆటోలో ఐదు నిమిషాలు. దాదాపు 73 మీటర్ల ఆ మినార్ మొదటి అంతస్తు ఐబక్‌ది, పై అంతస్తులు ఇల్తుత్‌మిష్‌వి, పిడుగు దెబ్బ తిన్న పైభాగాన్ని ఫిరోజ్ షా తుగ్లక్ 1368లో బాగు చేయించాడు. 1981 నాటి తొక్కిసలాట తర్వాత లోపలి మెట్లు ఎక్కనివ్వడం లేదు కనుక, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఆవరణలోని గుప్తుల నాటి ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా తుప్పు పట్టకపోవడానికి ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండటం, దానివల్ల పైన రక్షణ పొర ఏర్పడటం కారణమని లోహ శాస్త్రజ్ఞులు తేల్చారు. వానరాని రోజైతే పక్కనే ఉన్న మెహ్రౌలీ పురావస్తు ఉద్యానంలో రాజోం కీ బావ్లీ అనే మెట్లబావి దాకా నడవండి. నోయిడాలో పని ఉన్నవారికి బ్లూ లైన్‌లో అక్షర్‌ధామ్ వస్తుంది. అయితే ఫోన్లు, బ్యాగులు లోపలికి అనుమతించరు, చూడటానికి మూడు గంటలైనా పడుతుంది. ల్యాప్‌టాప్‌తో సమావేశం నుంచి నేరుగా వెళ్లే చోటు కాదది.

ఆగ్రాకు వెళ్లి వచ్చేద్దామని తోటి ఉద్యోగులు ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. రెండు వందల కిలోమీటర్లకు పైగా దారి, శుక్రవారం తాజ్ మహల్‌కు సెలవు, రోజంతా దానికే పోతుంది. ప్రత్యేకంగా ఒక రోజు సెలవు పెట్టుకుంటే తప్ప ఒప్పుకోకండి.

సెలవు మాట వచ్చింది కాబట్టి డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. పని ముగిశాక ఒక రోజు అదనంగా ఉండాలనుకుంటే, ఆ సంగతి ముందే పై అధికారికి రాసి, అనుమతి మెయిల్ రూపంలో తీసుకోండి. అదనపు రాత్రి హోటల్ అద్దె, ఆ రోజు భోజనాలు, సొంత తిరుగుడు ఆటో ఖర్చు టీఏ (ప్రయాణ భత్యం) బిల్లులో కలపకూడదు. హోటల్ వారిని రెండు వేర్వేరు బిల్లులు ఇమ్మని మొదటిరోజే అడిగితే తర్వాత అకౌంట్స్ విభాగానికి వివరణ రాసే పని తప్పుతుంది. మార్చిన తేదీకి విమానం టికెట్ ధర ఎక్కువైతే తేడా మీరే భరించడం మర్యాద.

సామాను విషయంలో ఒకే సలహా. తోలు బూట్లతో రాతి అరుగుల మీద నడవడం నరకం కనుక, తేలికపాటి నడక బూట్లు ఒక జత, తల కప్పుకోవడానికి పెద్ద చేతిరుమాలు ఒకటి బ్యాగులో అడుగున వేసుకోండి. రెండో రోజు గది ఖాళీ చేసినప్పుడు పెట్టెను రిసెప్షన్‌లోనే ఉంచండి. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రోలో న్యూఢిల్లీ, శివాజీ స్టేడియం స్టేషన్ల దగ్గర కొన్ని విమాన సంస్థల ప్రయాణికులు కొన్ని గంటల ముందే సామాను అప్పగించే ఏర్పాటు ఉంది. మీ విమాన సంస్థకు అది వర్తిస్తుందేమో బయలుదేరే ముందే కనుక్కుంటే చివరి పూట చేతులు ఖాళీ అవుతాయి.

తిరుగు ప్రయాణంలో ఏ టెర్మినల్ అన్నది తప్పక చూసుకోండి. న్యూఢిల్లీ స్టేషన్ నుంచి ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటుగా చేర్చే ఎక్స్‌ప్రెస్ మెట్రో రెండు, మూడు టెర్మినళ్లకే వెళుతుంది. ఒకటో టెర్మినల్‌కు మెజెంటా లైన్ పట్టాలి, రెండింటి మధ్య నడిచే దూరం కాదు. సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా కారు నమ్ముకోవద్దు. పొగమంచు రోజుల్లో చూడవలసినవన్నీ మొదటిరోజే ముగించి, రెండో రోజు మధ్యాహ్నం విమానానికి టికెట్ తీసుకోండి. తెల్లవారుజాము, అర్ధరాత్రి విమానాలకే ఆలస్యం ఎక్కువ.