బెంగళూరు నుంచి చలికాలంలో కుద్రేముఖ్ కొండ ఎక్కాలంటే ఎలా?

కర్ణాటక పడమటి కనుమల్లో ఉన్న కుద్రేముఖ్ దాకా వెళ్ళి శిఖరం చూడకుండా వెనుదిరిగేవాళ్ళకు చాలాసార్లు కొరత పడేది పొద్దు. శిఖరం ఎత్తు 1,894 మీటర్లు. నడక మొదలయ్యే ముళ్ళోడి ఊరి నుంచి పోనూ రానూ దాదాపు 20 కిలోమీటర్ల నడక. ఓ మోస్తరు అలవాటున్నవాళ్ళకు ఎక్కడానికి నాలుగైదు గంటలు, దిగడానికి మూడున్నర గంటలు పడుతుంది. డిసెంబరులో అక్కడ ఆరు దాటగానే చీకటి. జాతీయ ఉద్యానవనం కాబట్టి పైన గుడారం వేసుకుని పడుకోనివ్వరు. అందుకే ప్రణాళికంతా సాయంత్రం నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ రావాలి.

1. ముందు పర్మిట్, తర్వాతే సెలవు

కర్ణాటక అటవీశాఖ వెబ్‌సైట్ 'అరణ్య విహార'లో టికెట్ తీసుకోవాలి. రోజుకు ఇంతమందినే అని పరిమితి ఉంది, శని, ఆదివారాలు తొందరగా నిండిపోతాయి. ఆఫీసులో సెలవు పెట్టి, బస్సు బుక్ చేసి, ఆఖర్న పర్మిట్ కోసం చూసేవాళ్ళే ఎక్కువగా నష్టపోతారు. సోమవారమో శుక్రవారమో సెలవు దొరికితే ఆ రోజుకే తీసుకోండి, దారిలో రద్దీ కూడా తక్కువ. బుకింగ్‌లో ఇచ్చిన గుర్తింపు కార్డే వెంట ఉండాలి. పర్మిట్ కాగితం మీద ప్రింట్ తీసుకోండి, కొండ కింది ఊరు సంసె దాటాక ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం.

ఏ నెలలో వెళ్ళాలి? నవంబరులో గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది కానీ ఈశాన్య రుతుపవనాల వాన ఎప్పుడైనా పట్టుకోవచ్చు. డిసెంబరు రెండో వారం నుంచి జనవరి ఆఖరు దాకా ఆకాశం తేటగా ఉంటుంది, గడ్డి బంగారు రంగుకు తిరుగుతుంది. మా సలహా ఈ రోజులకే. ఫిబ్రవరిలో ఎండుగడ్డికి నిప్పంటుకునే ప్రమాదం పెరుగుతుంది, దారి మూసేయడం మామూలే. అప్పటికి వెళ్ళాలనుకుంటే బయలుదేరే ముందు ఒకసారి కనుక్కోండి.

2. ప్రయాణం, పడక

బెంగళూరు నుంచి హాసన్, బేలూరు, మూడిగెరె, కొట్టిగెహార మీదుగా కొండకు దగ్గరి పట్టణం కళస దాకా 300 కిలోమీటర్లకు పైనే. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు నుంచి కళస, హొరనాడు వైపు రాత్రి బస్సులున్నాయి. కొట్టిగెహార దాటాక మలుపులు ఎక్కువ. వాంతులయ్యేవాళ్ళు రాత్రి భోజనం తేలిగ్గా ముగించి, ముందు సీట్లలో కూర్చోవాలి.

అందరూ చేసే పొరపాటొకటుంది. రాత్రంతా బస్సులో కుదుపులు తిని, తెల్లారి దిగి, అదే రోజు కొండెక్కడం. నిద్రలేని కాళ్ళు దిగేటప్పుడు తడబడతాయి. పర్మిట్ రోజుకు ముందు రోజు ఉదయం చేరండి, కళస నుంచి దగ్గర్లోనే ఉన్న హొరనాడు అన్నపూర్ణేశ్వరి దర్శనం చేసుకుని, అక్కడి అన్నప్రసాదం తిని, మధ్యాహ్నానికి సంసె, బాళెగల్ దగ్గర హోమ్‌స్టేలో దిగిపోండి. మర్నాడు కొండ, ఆ రాత్రే బస్సు. హోమ్‌స్టే నుంచి ముళ్ళోడికి మట్టి, రాళ్ళ దారి. మన మామూలు కార్లకు అడుగు తగులుతుంది, జీపే గతి. కిరాయి మనిషికా, జీపుకా అన్నది ముందు రోజే తేల్చుకోండి. డబ్బు నోట్లుగా ఉంచుకోండి, సిగ్నల్ లేనిచోట యూపీఐ పనిచేయదు.

3. సంచిలో ఏముండాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. మొదటి సగంలో వాగులు తగులుతాయి, ఆపై గడ్డి గుట్టల మీద చుక్క దొరకదు. స్టీలు సీసాలైతే గేటు దగ్గర పేచీ ఉండదు. ప్లాస్టిక్ కోసం సంచులు వెతుకుతారు, చిప్స్ ప్యాకెట్లు పెట్టుకోకండి. మధ్యాహ్నానికి చింతపండు పులిహోర అన్నిటికన్నా మేలు: చల్లారినా బాగుంటుంది, పాడవదు, చేతికి జిడ్డు తక్కువ. అరిటాకులో కట్టించుకోండి. దారికి వేరుశనగ చిక్కీ, రెండు అరటిపళ్ళు. అగ్గిపెట్టె, సిగరెట్లు వద్దే వద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు, కొండవాలు మొత్తం కాలిపోతుంది.

జీన్స్ వేసుకోకండి. తెల్లవారి గడ్డి మీద మంచు మోకాళ్ళ దాకా తడిపేస్తుంది, తడిసిన జీన్స్ బరువెక్కి మధ్యాహ్నం దాకా ఆరదు. పలుచటి ట్రాక్ ప్యాంటు, పొడుగు సాక్సులు, మార్చుకోవడానికి ఇంకో జత సాక్సులు, గాలి ఆపే పలుచటి జాకెట్ చాలు. ఊలు స్వెట్టరు మోయక్కర్లేదు, అరగంట ఎక్కేసరికి విప్పి నడుముకు కట్టుకుంటారు.

4. కొండ రోజు గడియారం

ఆరింటికి హోమ్‌స్టేలో టిఫిన్, ఏడింటికి ముళ్ళోడి నుంచి నడక. మొదట అడవి, వాగులు, తర్వాత 'ఒంటిమర' అనే ఒంటరి చెట్టు. అక్కడికి చేరేసరికి గుర్రం ముఖంలా ఉండే శిఖరం కళ్ళెదుట నిలుస్తుంది.

రెండు గుట్టల మధ్య మడతల్లో ఉండే చిన్న అడవులను షోలాలంటారు. ఎండలో నుంచి అందులో అడుగు పెట్టగానే ఒళ్ళు చల్లబడుతుంది. రాళ్ళ మీద పాచి ఉంటుంది, పాదం మొత్తం ఆనించి నడవాలి, బొటనవేలి మీద బరువు వేస్తే జారుతుంది. జనవరికి జలగలు చాలావరకు పోతాయి, కానీ ఈ తడి చోట్ల మిగిలే ఉంటాయి. గుప్పెడు ఉప్పు పాత గుడ్డలో మూటగట్టి కర్ర కొసకు కట్టుకోండి. పట్టిన జలగకు తడి మూట తాకిస్తే ఊడిపోతుంది. లాగితే గాయం నుంచి రక్తం ఎక్కువసేపు కారుతుంది.

చివరి గంట దారి నిటారుగా ఉంటుంది. ఒంటిగంటకల్లా శిఖరం అందకపోతే ఎక్కడున్నా అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. ఇంకో అరగంటే కదా అనిపిస్తుంది. ఆ అరగంట దిగేటప్పుడు గంటవుతుంది, షోలాల్లో బయటికంటే ముందే చీకటి పడుతుంది, అడవిదున్నలు మేతకు కదిలే వేళ కూడా అదే. బృందంలో నెమ్మదైనవాళ్ళను ముందు నడవనివ్వండి, గడియారం ఆఖరి మనిషి చేతిలో ఉంచండి.

దిగేముందు బూట్ల లేసులు విప్పి, చీలమండ దగ్గర బిగించి మళ్ళీ కట్టండి. అలా చేయకపోతే పాదం ముందుకు జారి వేళ్ళు బూటుకు కొట్టుకుంటాయి, గోళ్ళు నల్లబడతాయి. గోళ్ళు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి. ఎండుగడ్డి మీద సన్నరాళ్ళు గోలీల్లా దొర్లుతాయి, పక్కవాటంగా చిన్న అడుగులు వేయండి. ముందు పది రోజులు అపార్ట్‌మెంటులో లిఫ్ట్ మానేసి మెట్లెక్కడంతో పాటు దిగడమూ సాధన చేయండి. మోకాళ్ళకు అసలు పరీక్ష దిగడంలోనే.

అమ్మానాన్నలు, చిన్నపిల్లలు వెంట ఉంటే 20 కిలోమీటర్లు వద్దు. వాళ్ళను కార్కళ వైపు ఉద్యానవనం గుండా వెళ్ళే రోడ్డు మీద కారులో తీసుకెళ్ళండి. కదంబి జలపాతం రోడ్డు పక్కనే పడుతుంది, దిగకుండానే చూడొచ్చు. హనుమాన్‌గుండి జలపాతానికి మాత్రం చాలా మెట్లు దిగాలి, తిరిగి ఎక్కాలి.