టీవీ గోడకు, వైర్లు గోడల: ముందు పైపు, తర్వాతనే బ్రాకెట్టు

నల్లగొండల పదహారేండ్ల సంది ఇండ్ల వైరింగు చేస్తున్న. "టీవీ వచ్చింది, జర వచ్చి బిగించిపో అన్నా" అని ఫోన్ వస్తది. పోయి చూస్తే గోడకు రంగు అప్పుడే ఆరి ఉంటది, గృహప్రవేశం ఎల్లుండి ఉంటది, టీవీ డబ్బా ఇంకా విప్పి ఉండదు. ఇల్లుగలామె ఒక్కటే మాట అంటది: "వైర్లు కనపడొద్దు." అదే మాట ప్లాస్టర్ కాకముందు అని ఉంటే ఒక్క పూట పనితోటి అయిపోతుండె. కొత్త టీవీ కొన్నోళ్లకు కంపెనీ మనిషి వచ్చి బ్రాకెట్టు కొట్టి పోతడు. వైర్లు దాచే పని మాత్రం చాలాసార్లు ఆయనది కాదు, అది మనమే చూసుకోవాలె. అందుకే ఇల్లు కట్టేటోళ్లకు, కట్టిన ఇంట్ల ఉంటున్నోళ్లకు ఇద్దరికీ పనికొచ్చేటట్టు ఇది రాస్తున్న.

మా అక్కవాళ్లు నకిరేకల్‌ల ఇల్లు కట్టినప్పుడు వైరింగంత నేనే చేసిన. టీవీ దగ్గర ముప్పావు ఇంచు పైపు వేసిన. పైపు ముక్కలను నిలువుగ చీరి హెచ్‌డీఎంఐ కేబుల్‌కు తొడుక్కుంట పోయి గోడల పెట్టి, మీదికెళ్లి ప్లాస్టర్ చేయించిన. చూసినోళ్లంత మెచ్చుకున్నరు. నాలుగో ఏడు ఆ కేబుల్ చెడిపోయింది. తెర మీద చుక్కలు వచ్చుడు, ఉన్నట్టుండి నల్లగ అయ్యుడు. కొత్త కేబుల్ గుంజుదామంటే తల పైపుల పట్టలే. హెచ్‌డీఎంఐ తల రెండు సెంటీమీటర్లకు దగ్గర దగ్గర వెడల్పుంటది, గట్టిగుంటది, మూల మీద వంగదు. మేనకోడలు పెండ్లి ఇంక పది రోజులుందనంగ ఆ గోడ పగలగొట్టిన. అక్క చీపురు పట్టుకొని ఎర్ర దుమ్ము ఊడ్చుకుంటనే ఉన్నది, నన్ను ఒక్క మాట అనలే. ఆ దినం సంది టీవీ వైర్లకు రెండించుల పైపు తప్ప ఇంకోటి వేయలే.

గోడను ముట్టకముందు ఎత్తు తేల్చుకోవాలె. చాలామంది షోకేసు మీద, సజ్జ కింద, ఎక్కడ జాగ ఉంటే అక్కడ కొట్టిస్తరు. తర్వాత మెడ నొస్తది అంటరు. రోజూ కూసుండే కుర్చీల కూసోండి, నేల నుంచి మీ కన్ను దాక టేపు పట్టించుకోండి. సోఫాల కూసుంటే 40 నుంచి 42 అంగుళాలు వస్తది. తెర నడిమధ్య ఆ ఎత్తుకు రావాలె, రెండు మూడు అంగుళాలు మీదికైనా ఏం కాదు. కింద చాప మీద కూసొని తినుకుంట చూసే ఇండ్లు మన దిక్కు ఎక్కువ. అట్లాంటి ఇంట్ల కన్ను 30 అంగుళాల దగ్గరనే ఉంటది. కింద కూసునేటోళ్లకు, సోఫాల కూసునేటోళ్లకు ఇద్దరికీ కుదరాలంటే వంగే బ్రాకెట్టు తీసుకొని తెరను కొద్దిగ కిందికి వంచండి. ఎదురుంగ పడమటి కిటికీ ఉంటే ఆ గోడ వద్దు, పొద్దుగూకేదాక తెరల కిటికీయే కనపడతది.

43 అంగుళాల టీవీ అడ్డం 96, నిలువు 56 సెంటీమీటర్లకు అటూఇటుగ ఉంటది. 55 అంగుళాలదైతే 123, 71. పాత పేపర్లు అంటించి అంత కొలత బొమ్మ చేసి గోడకు పెట్టి, ఒక రాత్రి అట్లనే ఉంచి చూడండి. అది చూసినంక ఎత్తు మార్చుకున్న ఇండ్లు చానా ఉన్నయి.

టీవీ వెనుక నాలుగు హోల్స్ ఉంటయి. వాటి ఎడం మిల్లీమీటర్ల లెక్క: 200 బై 200, 300 బై 300, 400 బై 400 అట్ల. బ్రాకెట్టు దానికి సరిపోయేదే కొనాలె. ఆ నాలుగు హోల్స్ ఎప్పుడూ టీవీ నడిమధ్యల ఉండవు, కొన్నిటికి బాగా కిందికుంటయి. అందుకే టీవీని బోర్లా పండవెట్టి, కింద మెత్తటి దుప్పటి పరిచి, కింది అంచు నుంచి పై హోల్ దాక కొలిచి కాగితం మీద రాసుకోండి. గోడ మీద గీత ఆ లెక్కతోటే గీయాలె. స్క్రూలు టీవీతోటి వచ్చినవో బ్రాకెట్టుతోటి వచ్చినవో, ముందు చేతితోటి తిప్పి చూడండి. పొడుగు స్క్రూను బలవంతంగ బిగిస్తే లోపల తెరకు పోయి తగులుతది.

ఇగ గోడ సంగతి. టీవీని మోసేది స్క్రూ కాదు, గోడ. గోడ ఎట్లాంటిదో డ్రిల్లు దుమ్మే చెప్తది. ఒక కాగితాన్ని జేబు లెక్క మడిచి, హోల్ పడే జాగ కింద టేపుతోటి అంటించండి. దుమ్మంత అందుల పడతది, రంగు కూడ తెలుస్తది. మొదట బూడిద రంగు వస్తది, అది ప్లాస్టర్. కొంత లోపటికి పోయినంక ఎర్రగ మారితే ఇటుక. ఎంత లోతు పోయినా బూడిద రంగే వచ్చి, డ్రిల్లు గట్టిగ ఆగి ఆగి పోతే అది పిల్లరో బీమో, లేకుంటే సిమెంటు ఇటుక. తెల్లగ, మెత్తగ, రవ్వ పిండి లెక్క రాలితే లైట్ వెయిట్ ఇటుక. ఒక్కసారి డ్రిల్లు సర్రున లోపటికి దిగబడితే రెండు ఇటుకల నడుమ సందు తగిలిందని అర్థం. ఆ హోల్ వదిలేసి ఒక అంగుళం పక్కకు జరుపుకోండి, బ్రాకెట్టుకు అడ్డంగ పొడుగు సందులు ఇచ్చేది అందుకే.

ఎర్ర ఇటుక గోడకు 10 మిల్లీమీటర్ల నైలాన్ గిట్టీ (హోల్‌ల దూర్చి, అందుల స్క్రూ బిగించే గొట్టం) సాలు. కాని పొడుగు చూసుకోవాలె. ప్లాస్టర్ ముప్పావు ఇంచు దాక ఉంటది, అది బరువు మోయదు. గిట్టీ ప్లాస్టర్ దాటి ఇటుకల రెండంగుళాలు ఉండాలంటే 80 మిల్లీమీటర్లది కొనండి. బ్రాకెట్టు డబ్బాల వచ్చే పొట్టి గిట్టీలను నేను పక్కకు వెడత. పిల్లర్‌కు ఇనుప యాంకర్ బోల్టు (బిగించిన కొద్ది హోల్‌ల వెడల్పయ్యేది) మంచిగ పట్టుకుంటది. అదే బోల్టు లైట్ వెయిట్ ఇటుకల బిగిస్తే, వెడల్పయ్యేటప్పుడు ఇటుకనే పగులుతది. దానికి ఆ ఇటుక కోసమే చేసిన పొడుగు గిట్టీలు దొరుకుతయి. ఆ ఇటుకల హోల్ కొట్టేటప్పుడు డ్రిల్లుల హ్యామర్ బందు చేసి వట్టిగ తిప్పాలె.

పాలమూరు దిక్కు, దేవరకొండ దిక్కు పాత ఇండ్ల రాయి, మట్టి కలిపి కట్టిన గోడలు ఇంక ఉన్నయి, డంగు సున్నం గోడలు కూడ. రాయి మీద డ్రిల్లు జారతది, రాళ్ల నడుమ మట్టి రాలతది. అట్లాంటి గోడకు బ్రాకెట్టు నేరుగ కొట్టను. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక టీవీ కంటె కొంచెం చిన్నగ కోయించి, రాయి దొరికిన జాగలల్ల ఎనిమిది పది స్క్రూలు వేసి, దాని మీద బ్రాకెట్టు బిగిస్త. బరువు ఒక్క జాగ మీద పడకుండ పంచుకుంటది. పలక వెనుక సందుల వైర్లు కూడ దాగుతయి.

హోల్ కొట్టేముందు మెయిన్ బందు చేయాలె. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగ మీదికి, కిందికి లోపట వైర్లు ఉంటయి, ఆ గీత మీద డ్రిల్లు పెట్టొద్దు. గోడ అవతల బాత్‌రూము ఉంటే నీళ్ల పైపు ఎటు పోయిందో ఇల్లు కట్టినాయననే అడగండి.

ఇప్పుడు అసలు పని, పైపులు. టీవీ నడుమ నుంచి కింద సెట్ టాప్ బాక్స్ పెట్టే అల్మారా దాక, రెండున్నర మూడు ఫీట్ల నిట్టనిలువు గాడి కొడితే సాలు. అడ్డం గాడి కొట్టొద్దు, గోడ బలం పోతది. నిలువు గాడి కూడ గోడ మందంల మూడో వంతు దాటొద్దు. తొమ్మిదంగుళాల గోడల మూడంగుళాల దాక పోవచ్చు, రెండించుల పైపు మంచిగ కూసుంటది. నాలుగంగుళాల అడ్డగోడల ఆ పైపు పట్టదు, పట్టిస్తే గోడ పగులు వెడతది. అక్కడ నా మాట వినండి, గాడి కొట్టొద్దు. మూత తీసే ప్లాస్టిక్ పట్టీ గోడ మీదనే నిలువుగ కొట్టి, గోడకు వేసిన రంగే దానికి కూడ వేయండి. నాలుగు అడుగుల దూరం నుంచి చూస్తే కండ్లకు ఆనదు, కేబుల్ మార్చాలంటే మూత తీస్తే అయిపోతది. పిల్లర్, బీమ్ మాత్రం ఏ గోడలున్నా ముట్టొద్దు.

రెండు పైపులు పెట్టాలె. రెండించులదాంట్ల హెచ్‌డీఎంఐ, ఇంటర్‌నెట్ కేబుల్, డిష్ వైరు. జానెడు ఎడంల ఇంకో చిన్న పైపుల కరెంటు. ఈ రెంటినీ కలుపుతే షాక్ భయం, బొమ్మకు కూడ మంచిది కాదు. టీవీతోటి వచ్చిన కరెంటు తీగను గోడల పెట్టి పూడ్చొద్దు. అది బయట ఉండేదానికే చేసిన తీగ. ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం రాగి వైర్లు మూడు గుంజి, టీవీ వెనుక మూడు పిన్నుల సాకెట్ పెట్టండి, ఎర్తు తప్పకుండ. సాకెట్ బ్రాకెట్టుకు అడ్డం రాకుండ ఒక పక్కకు ఉండాలె. స్విచ్చు మాత్రం కింద చేతికి అందే జాగల పెట్టండి, ఫేజు, న్యూట్రల్ రెండూ తెగే డీపీ స్విచ్చు అయితే మంచిది. ఎండకాలం చివర ఈదురుగాలులతోటి ఉరుములొచ్చేటట్టుంటే, ముందే ఆ స్విచ్చు బందు చేసి, డిష్ వైరు, హెచ్‌డీఎంఐ కింద బాక్స్ దగ్గరనే పీకాలె. టీవీ వెనుక చెయ్యి దూరని జాగల అన్ని పిన్నులు పెట్టుకుంటే ఆ టైముల ఏం చేయలేరు.

పైపుకు మూల మీద తొంబై డిగ్రీల ఎల్బో వద్దు, 45 డిగ్రీల బెండు వేయాలె. తర్వాత కేబుల్ గుంజేదానికి పైపు లోపల ఒక జీఐ తీగ (జింకు పూసిన ఇనుప తీగ) వదిలి, రెండు కొసలు బయటికి వంచి పెట్టండి. నోట్లె గుడ్డ కుక్కండి, లేకుంటే మేస్త్రీ వేసే మాలు లోపట పడి గడ్డ కడతది. గాడి పూడ్చినంక మీద చికెన్ మెష్ (సన్న ఇనుప వల) కొట్టి ప్లాస్టర్ చేస్తే తర్వాత గీత లెక్క పగులు రాదు. వారం రోజులు నీళ్లు కొట్టి, ఆరినంకనే లప్పం, రంగు.

కేబుల్‌ను గుంజకముందే నేల మీద టీవీకి పెట్టి బొమ్మ చూసుకోండి. హెచ్‌డీఎంఐ మూడు మీటర్లది సాలు, ఐదు మీటర్లు దాటితే మామూలు కేబుల్ 4కే బొమ్మను సరిగ మోయకపోవచ్చు, వెలుగుతోటి సిగ్నల్ పంపే ఆప్టికల్‌ది కావాలె. ఆప్టికల్ కేబుల్‌ల టీవీ దిక్కు కొస ఏదో దాని మీద రాసి ఉంటది, తిప్పి గుంజితే పనిచేయదు. తలకు టేపు చుట్టి మొన లెక్క చేసి జీఐ తీగకు కట్టండి. రెండు మూడు కేబుల్స్ ఉంటే తలలు ఒక్కదాని వెనుక ఒకటి, బెత్తెడు ఎడంల రావాలె. పక్కపక్కన కడితే బెండుల ఇరుకుతయి. టీవీ దిక్కు అడుగు పొడుగు ఎక్కువ వదలండి.

డిష్ వైరు మిద్దె మీదికెళ్లి వస్తది కద, గోడ హోల్ బయటి దిక్కు కిందికి వాలాలె. హోల్ ముందు వైరును ఒక ఉయ్యాల లెక్క కిందికి వేలాడదీస్తే వాన నీళ్లు అక్కడనే కారిపోతయి, ఇంట్లకు రావు. మిద్దె మీద వైరు పైపులనే పోవాలె, కోతులు బయటి వైరును కొరకకుండ ఉండవు.

బ్రాకెట్టు గీతకు రసమట్టం పెట్టండి, కన్నును నమ్మొద్దు, ఇంటి స్లాబే వాలుగ ఉండొచ్చు. స్క్రూలన్ని సగం బిగించి, మళ్లొకసారి మట్టం చూసి, అప్పుడు పూర్తిగ బిగించండి. బిగించినంక రెండు చేతులతోటి బ్రాకెట్టును పట్టుకొని మీ బరువు సగం దాని మీద వేసి ఆగండి. గిట్టీ కదిలినట్టు అనిపిస్తే టీవీ ఎక్కియ్యొద్దు. టీవీ ఎత్తేటప్పుడు ఇద్దరు ఉండాలె, అంచులు పట్టుకోవాలె, తెర మీద బొటనవేలు పెట్టి నొక్కొద్దు. ముందు వైర్లన్ని టీవీకి పెట్టి, తర్వాత పై కొక్కేలు తగిలించి, కింది భాగం మెల్లగ గోడ దిక్కు నూకితే టక్కుమని పడతది.

పోయేముందు నేనొక పని చేస్త. గాడి తెరిచి ఉన్నప్పుడే టేపు పక్కకు పెట్టి ఫోటో తీసి ఇల్లుగలోళ్ల ఫోన్‌కు పంపుత. స్విచ్‌బోర్డు మూత లోపలి దిక్కు మార్కర్‌తోటి రాస్త: టీవీ పైపు, కిటికీ అంచు నుంచి 38 అంగుళాలు, నిట్టనిలువు, లోపట తీగ ఉంది.