లావుపాటి హారర్ నవల రాత్రి ఎక్కడ ఆపాలి?

వెయ్యి పేజీల హారర్ నవల మొదలుపెట్టారా? అయితే రాత్రి పడుకునే ముందు అధ్యాయం చివర మాత్రం ఆపకండి. గుండె ఝల్లుమనే వాక్యాన్ని రచయితలు ఎక్కువగా అక్కడే పెడతారు. తలుపు గడియ దానంతటదే కదిలిందన్న చోట లైటు తీసేస్తే ఇక నిద్రెక్కడిది! తర్వాతి అధ్యాయంలో ఇంకో రెండు మూడు పేజీలు చదివేయండి. ఎవరో కాఫీ కలుపుకుంటూనో, పాత సంగతులు చెప్పుకుంటూనో ఉంటారు. కాస్త ఊపిరి ఆడుతుంది, అక్కడ మూసేయండి. చాలా రాత్రులు టెన్షన్‌తో మేలుకున్నాకే నాకిది పట్టుబడింది. 1897 నాటి 'డ్రాకులా'కైతే ఇంకా తేలిక, కథ చాలావరకు డైరీలు, ఉత్తరాల్లోనే నడుస్తుంది కాబట్టి ఆగే చోట్లు బోలెడు. అన్నట్టు, పేజీలో గుర్తుగా పెట్టుకునే కాగితం మీదే ఎవరు ఎవరికి ఏమవుతారో రాసుకోండి. నాలుగు రోజుల తర్వాత తెరిచినా వెనక్కి వెతుక్కోనక్కర్లేదు.