చక్రం తిరుగుతుంది, బల్బు వెలగదు: చిన్న టర్బైన్‌కు వచ్చే జబ్బులు, మందులు

హనుమకొండలో నాది మోటర్ వైండింగ్ షాపు. కాలేజీల్లో ప్రాజెక్టుల టైం వచ్చిందంటే చాలు, పిల్లలు ఒక డీసీ మోటర్ పట్టుకుని దిగుతారు. "అన్నా, టర్బైన్ చేసినం, బల్బు వెలుగుతలేదు, మోటర్ కాలిందా చూడు." చాలాసార్లు మోటర్ శుభ్రంగా ఉంటుంది, జబ్బు పైపులోనో రెక్కల్లోనో ఉంటుంది. అందుకే ముందు నీళ్లను చూడండి, మోటర్‌ను చివర చూడొచ్చు.

టర్బైన్ అంటే మన బావి మోటర్‌ను తిరగేసినట్టే. అక్కడ కరెంటు తిని పంపు నీళ్లను తోస్తుంది, ఇక్కడ నీళ్లే రెక్కలను తోసి షాఫ్ట్‌ను, అంటే ఇరుసును తిప్పుతాయి, ఆ షాఫ్ట్ జనరేటర్‌ను తిప్పుతుంది. పిల్లల ప్రాజెక్టులో ఆ డీసీ మోటరే జనరేటర్. చెల్పూరు కాకతీయ థర్మల్‌లోనైతే నీళ్ల బదులు ఆవిరి తోస్తుంది, షాఫ్ట్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది.

నీటి ధారలో దమ్ము లేదు, చక్రం ఈడ్చుకుంటూ తిరుగుతుంది

నాజిల్ (పైపు చివర ధార వచ్చే సన్న మూతి) కింద 15 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో టైం చూడండి. 30 సెకన్లలో నిండితే సెకనుకు అర లీటరు వస్తున్నట్టు. ట్యాంకులో నీటి మట్టం నాజిల్‌కు 10 మీటర్ల పైన ఉంటే 0.5 × 10 × 9.8, అంటే 49 వాట్లు. అదీ కాగితం మీద. పైపు కొంత, చక్రం కొంత, మోటర్ కొంత తినేశాక అందులో సగం చేతికొచ్చినా సంతోషమే, కాబట్టి 60 వాట్ల బల్బు తెచ్చి నా ముందు పెట్టకండి.

బకెట్ నిమిషమైనా నిండలేదంటే అసలు దొంగ అర అంగుళం పైపు. నల్లా మూసి గేజ్ పెడితే ప్రెషర్ నిండుగా ఒక బార్ (10 మీటర్ల నీటి ఎత్తుకు వచ్చేంత) చూపిస్తుంది, పిల్లలు అది చూసి మోసపోతారు. నల్లా తిప్పి నీళ్లు పారుతుండగా చూడండి, ముల్లు దబ్బున పడిపోతుంది. 20 మీటర్ల అర అంగుళం పైపులో సెకనుకు అర లీటరు పారాలంటే రాపిడికే 10 మీటర్ల ఎత్తు చాలదు. అదే అంగుళం పైపైతే పోయేది సుమారు ఒక మీటరే. పైపు మార్చండి, బెండ్లు తగ్గించండి, నాజిల్ రంధ్రం 6-7 మిల్లీమీటర్లు ఉంచండి.

ధార బాగుంది, కానీ నీళ్లన్నీ మన మొహం మీదికే చిమ్ముతున్నాయి

రెక్కలు చదునుగా ఉన్నాయి. చదును రేకు ఎంత బాగా బిగించినా నీటి బలంలో సగానికి మించి పట్టలేదు. 1880లో పేటెంట్ అయిన పెల్టన్ చక్రం కిటుకు ఇక్కడే ఉంది: ప్రతి రెక్కా రెండు గిన్నెలు పక్కపక్కన అతికినట్టు ఉంటుంది, మధ్యలో పదునైన గట్టు. ధార ఆ గట్టు మీద పడి రెండుగా చీలి, గిన్నె లోపల చుట్టి దాదాపు వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది, పక్కలకు బలహీనంగా జారిపోతుంది. స్టీలు గంటెల జత అతికితే ప్రాజెక్టుకు సరిపోతుంది. ధార సరిగ్గా గట్టు మీదే పడుతుందా అని కింద కూర్చుని చూడాలి, నిలబడి చూస్తే తెలియదు.

ఊరికే జోరుగా తిరుగుతుంది, బల్బు తగిలించగానే మూలుగుతుంది

తగ్గడం జబ్బు కాదు. కరెంటు తీస్తుంటే జనరేటర్ షాఫ్ట్‌ను వెనక్కి పడుతుంది. అసలు రెక్క వేగం ధార వేగంలో సగం దగ్గర ఉన్నప్పుడే ఎక్కువ పవర్ వస్తుంది. పూర్తిగా ఆగిపోతే మాత్రం బల్బు పెద్దదైనట్టు.

తిరుగుతున్నా వెలగకపోతే చుట్ల లెక్క చూడండి. 10 మీటర్ల ఎత్తుకు ధార వేగం సెకనుకు 14 మీటర్లు, రెక్కది 7 ఉండాలి. 20 సెంటీమీటర్ల చక్రమైతే నిమిషానికి సుమారు 670 చుట్లు. మీ 12 వోల్టుల మోటర్ 3000 చుట్లకు చేసినదైతే మూడు వోల్టులు కూడా రావు! చక్రానికి పెద్ద పుల్లీ, మోటర్‌కు చిన్న పుల్లీ వేయండి, లేదా తక్కువ చుట్లకే వోల్టులిచ్చే మోటర్ తెచ్చుకోండి. ఎల్‌ఈడీ అయితే వైర్లు అటుదిటు మార్చి చూడండి, నవ్వకండి, సగం కేసులు దీనితోనే తేలిపోతాయి.

కాసేపు బాగా తిరిగి మెల్లగా నీరసపడుతుంది

చక్రం చుట్టూ ఉన్న డబ్బా కింద నీళ్లు నిలిచి చక్రం మునుగుతోంది. పెల్టన్ గాలిలో తిరగాల్సిందే, బయటికి పోయే పైపు పెద్దది పెట్టండి. పోచంపాడు శ్రీరాంసాగర్ పవర్‌హౌస్‌లో 9 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి, అక్కడ ఎత్తు తక్కువ, నీళ్లెక్కువ కాబట్టి మునిగి తిరిగే కాప్లాన్ రకం. మనది ఆ జాతి కాదు. ధార తుంపులు తుంపులుగా వస్తుంటే ట్యాంకులో నీళ్లు తగ్గి పైపు గాలి పీలుస్తున్నట్టు.

మొన్న వచ్చిన ఇద్దరు పిల్లలకు మోటర్ విప్పకుండానే పైపు మార్పించాను. సాయంత్రానికి 5 వాట్ల ఎల్‌ఈడీ వెలుగుతున్న వీడియో పంపారు. వైండింగ్ పైసలు మాత్రం పోయాయి, ఏం చేస్తాం.