సలాడ్ ప్లేటులో నీళ్లేనా, ఇంకేమైనా ఉందా?

రోహిణీ కార్తె ఎండలకు నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరింట్లో చూసినా సలాడ్ అంటే కీరా చక్రాలు, మీద ఉప్పూకారం, అంతే. ఒళ్లు చల్లబడుతుంది, కాదనను. కానీ అందులో 95 శాతం నీళ్లే, వంద గ్రాములకు 15 కేలరీలు, దాన్నే పూట భోజనం అనుకుంటే సాయంత్రానికి నీరసం ఖాయం. ఉన్న కాస్త పీచు, విటమిన్ కె తొక్కలోనే ఎక్కువ, మనమేమో ముందు దాన్నే చెక్కి పారేస్తాం. లేత కాయలు తెచ్చి బాగా కడిగి తొక్కతోనే తరగండి, కొన కోసి రుచి చూసి చేదుంటే ఆ కాయ వాడొద్దు.

ప్లేటుకు అసలు బలం క్యారెట్, క్యాప్సికం, క్యాబేజీ.

క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది, అయితే అది కొవ్వులో కరిగే సరుకు, నూనె చుక్క లేకుండా తింటే చాలావరకు ఒంటికి పట్టదు. అందుకని వేయించిన వేరుశనగ గుళ్లు పొట్టు నలిపి, ఊదేసి, కచ్చాపచ్చాగా దంచి గుప్పెడు కలపండి, లేదా చెంచా నూనెలో ఆవాలు చిటపటలాడాక ఎండుమిర్చి, కరివేపాకు వేసి ఆ తాలింపు తురుము మీద పోయండి. నూనె లేని సలాడే గొప్పదనే వాళ్లకు ఇది నచ్చదు, ఏం చేస్తాం.

విటమిన్ సి కావాలంటే పచ్చ క్యాప్సికం వంద గ్రాముల్లో సుమారు 80 మిల్లీగ్రాములు, అంటే మగవాళ్లకు రోజుకు కావాల్సినంతా వచ్చేసినట్టే. క్యాబేజీలో 36 దాకా ఉంటుంది, ధరకి అదే నయం. ఏదైనా కడిగాకే తరగాలి, తరిగిన ముక్కలు నీళ్లలో నానబెడితే కొంత సారం ఆ నీళ్లతోనే పోతుంది.

టమాటా రుచికి రెండు ముక్కలు చాలు, దానికి ఎరుపునిచ్చే లైకోపీన్ నూనెలో మగ్గితేనే బాగా అందుతుంది కాబట్టి ఆ పని పప్పుకీ పచ్చడికీ వదిలేయండి. ఉల్లి, ముల్లంగి మీ ఇష్టం. బీట్‌రూట్‌లో ఫోలేట్ అనే బి విటమిన్ బాగా ఉంటుంది, తిన్నాక మూత్రం ఎర్రగా వస్తే దానివల్లే, టెన్షన్ పడకండి.

మొలకెత్తిన పెసలు గానీ నానిన పెసరపప్పు గానీ కలిపితే ప్రొటీన్, ఐరన్ కూడా చేరతాయి. ఆ ఐరన్ ఒంటికి పట్టడానికి నిమ్మరసం పిండాలి, పొదలకూరు నిమ్మకాయలు మనకేం కొరత కాదుగా. తినగానే టీ తాగితే మాత్రం ఆ ఐరన్ సరిగా పట్టదు, గంటసేపు ఆగండి.

ఉప్పు, నిమ్మరసం తినబోయే ముందే వేయండి, ఆఫీసుకి బాక్సు కట్టేవాళ్లయితే నిమ్మచెక్క విడిగా పెట్టుకోండి, లేకపోతే మధ్యాహ్నానికి అంతా నీరు ఊరి ముక్కలు మెత్తబడతాయి. రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు క్యాబేజీ, ఆకులు ఒక్కసారిగా పెంచేముందు డాక్టర్‌ని అడగాలి, వాటిలోని విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది.